జంతువుల కథలో జంతువు ఉందా?

పిల్లల పుస్తకాల కొట్లో "జంతువుల కథలు" అని రాసున్న అర దగ్గర నిలబడి చేతికందిన పుస్తకాలు తిరగేయండి. కుందేలు పిల్ల బ్యాగు తగిలించుకుని స్కూలుకి పోతుంటుంది. ఎలుగుబంటి పిల్ల పళ్లు తోముకోనని మారాం చేస్తుంటుంది. ఏనుగు పిల్ల తన బొమ్మలు ఎవరికీ ఇవ్వనని మొండికేసి, చివరి పేజీకల్లా బుద్ధి తెచ్చుకుని ఇచ్చేస్తుంది. బొమ్మల్లో ఆ చెవులూ తొండాలూ తీసేసి చింటూ, పింకీ అని పేర్లు పెట్టండి. కథలో ఒక్క వాక్యం కూడా మార్చక్కర్లేదు. అంటే అందులో జంతువు లేదన్నమాట. మనం పిల్లలకి చెప్పాలనుకున్న సుద్దులు తోకలు తగిలించుకుని తిరుగుతున్నాయి, అంతే.

పళ్లు తోముకోమని చెప్పడానికి ఎలుగుబంటి సాయం తీసుకోవడం తప్పేమీ కాదు. అలాంటి పుస్తకాలు మా ఇంట్లోనూ ఉన్నాయి, అవసరానికి పనికొచ్చాయి కూడా. నా పేచీ అల్లా వాటిని సాహస కథలు అనడం దగ్గరే. మూడు నుంచి ఏడేళ్ల మధ్య పిల్లలకి రాత్రి పడుకోబోయే ముందు పైకి చదివి వినిపించడానికి జంతువుల సాహస కథ వెతికేటప్పుడు నేను ముందుగా చూసేది ఒక్కటే. ఆ జంతువు నిజంగా గండంలో పడిందా? పడితే, తన ఒంట్లో ఉన్న సత్తువతో, తన జాతికి ఉన్న నేర్పుతో బయటపడిందా? అది మాటలు మాట్లాడితే మాట్లాడనీ, నాకు అభ్యంతరం లేదు. కానీ తాడు కొరకాల్సి వస్తే కొరికేది ఎలుకే అయి ఉండాలి.

ఈ లెక్కకి అచ్చంగా సరిపోయే కథ మనకి ఎప్పటినుంచో ఉంది. 1853లో చిన్నయసూరి నీతిచంద్రికలో తెలుగు చేసిన మిత్రలాభంలో ఉన్నదే, కాకి, ఎలుక, తాబేలు, జింకల కథ. అందరికీ తెలిసిందే అయినా ఒకసారి చెబుతాను, ఎందుకంటే దీని పనితనం అంతా వివరాల్లో ఉంది.

నాలుగూ ఒక మడుగు దగ్గర స్నేహంగా ఉంటాయి. ఒకరోజు జింక వేళకి రాదు. కాకి పైకెగిరి చూస్తే అది వలలో చిక్కుకుని ఉంటుంది. కాకి వెళ్లి ఎలుకను తీసుకొస్తుంది, ఎలుక తాళ్లు కొరికేస్తుంది. ఇంతలో ఇంట్లో ఉండబట్టలేక తాబేలు కూడా పాక్కుంటూ అక్కడికి వచ్చేస్తుంది. సరిగ్గా అప్పుడే వేటగాడు వస్తాడు. జింక ఒక్క దూకు దూకింది. కాకి చెట్టెక్కింది. ఎలుక కన్నంలో దూరింది. తాబేలు మిగిలిపోయింది. వేటగాడు దాన్నే వింటికి కట్టుకుని ఇంటిదారి పట్టాడు.

ఇక్కడ పుస్తకం మూసి ఆగాలి. మా ఇంట్లో శ్రోతలు ఇద్దరు, ఐదేళ్ల మా అమ్మాయి, సెలవులకి వచ్చే మా అక్క కొడుకు. "కాకి వాడి నెత్తిమీద పొడవాలి నాన్నా" అంటుంది ఇది. "కాదు మావయ్యా, పోలీసులకి ఫోన్ చెయ్యాలి" అంటాడు వాడు. ఫోన్ ఎవరి దగ్గరుంది, ఎలుక దగ్గరా, కాకి దగ్గరా అని కాసేపు వాదన. ఆ వాదన జరుగుతున్నంతసేపూ ఇద్దరూ ఒక్కో జంతువుకి ఏం చేతనవునో ఏం చేతకాదో లెక్కలు వేస్తున్నట్టే.

తర్వాత ఉపాయం వస్తుంది. జింక వేటగాడి దారిలో, నీళ్ల ఒడ్డున, చచ్చినట్టు పడుకుంటుంది. కాకి దాని తలమీద వాలి కళ్లు పొడుస్తున్నట్టు నటిస్తుంది. వేటగాడు చూస్తాడు. కాకి అలా ధైర్యంగా పొడుస్తోందంటే జింక చచ్చిపోయినట్టే అనుకుంటాడు. అడవిలో తిరిగేవాడికి కాకుల సంగతి తెలుసు కాబట్టే మోసపోయాడు! తాబేలును కింద పెట్టి జింక వైపు నడుస్తాడు. ఎలుక వచ్చి తాడు కొరుకుతుంది, తాబేలు బుడుంగున నీళ్లలోకి జారిపోతుంది, కాకి కావుమంటుంది, జింక లేచి పరుగో పరుగు. నేలమీద నడవడం చేతకాక పట్టుబడ్డ తాబేలు నీళ్లు అందగానే అందరికంటే ముందు మాయమైంది. "అందుకే జింక నీళ్ల దగ్గర పడుకుంది!" అని మా అమ్మాయి రెండోసారి విన్నప్పుడు గమనించి గట్టిగా అరిచింది. ఆ మాట నేను చెప్పలేదు, పుస్తకంలోనూ లేదు.

పుస్తకంలో ఉన్నదల్లా చివర్లో గడి గీసి రాసిన ఒక వాక్యం. నీతి: ఆపదలో ఆదుకున్నవాడే నిజమైన స్నేహితుడు. నేను దాన్ని చదవను. చదివితే ఏమవుతుందో చూశాను. పిల్లలు అడుగుతున్న ప్రశ్నలన్నీ ఠక్కున ఆగిపోతాయి. జింక కళ్లు మూసుకుందా తెరిచిందా, కాకి నిజంగా పొడిస్తే నొప్పి పుట్టదా, ఇలాంటివన్నీ పోయి, పరీక్ష అయిపోయిన మొహాలతో పక్క మీద వాలిపోతారు.

మా నాన్నగారు తెలుగు మాస్టారుగా రిటైరయ్యారు. ఈ అలవాటు ఆయనకి నచ్చదు. "నీతి లేకపోతే అది పంచతంత్రం ఎలా అవుతుందిరా?" అంటారు. న్యాయమైన ప్రశ్నే. కానీ విష్ణుశర్మ ఆ కథలు చెప్పింది పాలు తాగి పడుకోబోయే పసివాళ్లకి కాదు, రాజ్యం ఏలాల్సిన రాకుమారులకి. ఆయన నేర్పింది రాజనీతి. మిత్రభేదం సంగతే చూడండి. పింగళకుడనే సింహానికీ సంజీవకుడనే ఎద్దుకీ మంచి స్నేహం. దమనకుడనే నక్క ఇద్దరికీ లేనిపోనివి నూరిపోసి తగువు పెడుతుంది. సింహం ఎద్దును చంపేస్తుంది. నక్క రాజుగారి పక్కన హాయిగా ఉంటుంది. "నాన్నగారూ, దీనికి ఐదేళ్ల పిల్లకి ఏం నీతి చెప్పమంటారు?" అన్నాను. "అది పెద్దయి ఉద్యోగంలో చేరాక దానికే తెలుస్తుందిలే" అని నవ్వేశారు. అందుకే మా ఇంట్లో మిత్రలాభం ఉంది, కోతి గుండె చెట్టు మీద వదిలేసి వచ్చానన్న కథ ఉంది, చిన్న కుందేలు సింహానికి బావిలో నీడ చూపించిన కథ ఉంది. సంజీవకుడు ఇంకొన్నేళ్లు ఆగాలి.

అసలు జంతువు వేషం వేసిన నీతి పిల్లలకి ఎక్కుతుందా అన్నది కూడా చూడాలి. టొరంటో విశ్వవిద్యాలయం వాళ్లు 2017లో ఒక అధ్యయనం ప్రచురించారు. నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లలకి, ఉన్నది నలుగురితో పంచుకోవాలని చెప్పే కథ చదివి వినిపించారు. కొందరికి అందులో పాత్రలు మనుషులు, కొందరికి బట్టలు తొడుక్కున్న జంతువులు. కథ అదే. ముందూ తర్వాతా పిల్లలకి స్టిక్కర్లిచ్చి, వేరే పిల్లల కోసం ఎన్ని వదులుకుంటారో చూశారు. మనుషుల కథ విన్నవాళ్లు ఎక్కువ వదులుకున్నారు. జంతువుల కథ విన్నవాళ్లలో ఆ పెరుగుదల కనిపించలేదు. ఒక్క అధ్యయనంతో అంతా తేలిపోదు, నిజమే. కానీ నీతి కోసమే జంతువుల పుస్తకం కొంటున్నవాళ్లు ఒకసారి ఆలోచించాలి. పంచుకోవడం నేర్పాలంటే పక్కింటి పిల్లల కథే చెప్పండి. ఏనుగును ఏనుగు పని చేసుకోనివ్వండి.

ఇక భయం సంగతి. "అలాంటి కథలు చదివితే పిల్లలు భయపడతారండీ" అన్నది తరచూ వినే మాట. దాంతో ఈమధ్య వచ్చే పుస్తకాల్లో పులి కాయగూరలు తింటోంది, మొసలి సారీ చెబుతోంది. నేను చూసిన ఒక బొమ్మల పుస్తకంలో మొసలికి కావాల్సింది కోతి గుండె కాదు, కోతి దగ్గరున్న నేరేడు పళ్లు. మరి ఆ మాత్రానికి కోతి నది మధ్యలో అంత ఎత్తు వేయడం దేనికి? పళ్లు ఇచ్చేస్తే పోయేది కదా. గండం తీసేస్తే తెలివికి పని లేకుండా పోతుంది. బియాట్రిక్స్ పాటర్ 1902లో అచ్చేయించిన పీటర్ కుందేలు కథలో, తల్లి కుందేలు మొదట్లోనే పిల్లలతో చెబుతుంది, ఆ తోటలోకి వెళ్లొద్దు, మీ నాన్న అక్కడికి వెళ్లే వంటకమైపోయాడు అని. ఆ ఒక్క మాట ఉండబట్టే పీటర్ తోటలో దూరినప్పుడు వింటున్న పిల్లలు ఊపిరి బిగబడతారు. నూరేళ్లు దాటినా ఆ కథను చిన్నపిల్లలకి చదువుతూనే ఉన్నారు.

అలాగని ఏదైనా చదివేయొచ్చని నేననను. నేను గమనించినంతలో చిన్నపిల్లల్ని బెదరగొట్టేది పులి కోరలు కాదు, తల్లి దూరం కావడం. పదిహేనో శతాబ్దంలో అనంతామాత్యుడు భోజరాజీయంలో రాసిన ఆవు, పులి కథ మనందరం చిన్నప్పుడు విన్నదే. ఇంటి దగ్గర దూడ ఉంది, పాలిచ్చి వస్తాను, అప్పుడు తిందువుగాని అని ఆవు పులిని ఒప్పించి వెళుతుంది. దూడకి పాలిచ్చి, బుద్ధులు చెప్పి, మాట తప్పకుండా తిరిగొస్తుంది. దాని సత్యానికి పులి కరిగి వదిలేస్తుంది. ఎంతో గొప్ప కథ. మూడేళ్ల వయసులో మా మేనల్లుడికి పులి వచ్చినప్పుడు ఏమీ అనిపించలేదు. ఆవు దూడకి జాగ్రత్తలు చెబుతుంటే మాత్రం వాళ్లమ్మ కొంగు పట్టుకుని వదల్లేదు. పులి వదిలేసిందని చెప్పినా వాడి బెంగ తీరలేదు. ఈ కథ ఆరేళ్ల తర్వాత చదివితే బాగుంటుందని నా అభిప్రాయం. జంతువుని మనిషి హింసించే కథలు, సర్కస్ కథలు, బోను కథలు ఇంకా తర్వాత. అక్కడ భయం కంటే సిగ్గు ఎక్కువ, ఆ సిగ్గు పడాల్సింది పిల్లలు కాదు. ఏ పుస్తకమైనా సరే, పిల్లల దగ్గర తెరిచే ముందు చివరి రెండు పేజీలు మీరొక్కరే చదువుకోండి.

పైకి చదవడం అనేసరికి ఇంకో పెద్ద సంగతి ఉంది. కళ్లతో చదువుకునే వాక్యం వేరు, నోటితో చెప్పే వాక్యం వేరు. తెలుగు పిల్లల పుస్తకాల్లో ప్రతి అడవీ "పచ్చని చెట్లతో, రకరకాల పూలతో కళకళలాడే సుందరమైన" అడవే. ఆ వాక్యం పూర్తయ్యేసరికి మూడేళ్లవాడు దిండు మీద పల్టీలు కొడుతుంటాడు. పైకి చెప్పే కథ ఎలా ఉండాలో తెలుసుకోవాలంటే ఏడు చేపల కథను మించిన బడి లేదు. చేపా చేపా ఎందుకు ఎండలేదు? గడ్డిమోపు అడ్డమొచ్చింది. గడ్డిమోపూ గడ్డిమోపూ ఎందుకు అడ్డమొచ్చావు? ఆవు మేయలేదు. అక్కడి నుంచి పిల్లలే అందుకుంటారు. చివరికి చీమ వచ్చి "నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?" అనేదాకా మనం ఊరికే తల ఊపుతూ కూర్చోవచ్చు. అది సాహస కథేం కాదు, కానీ దాని నడక చూడండి. చిన్న వాక్యం, మళ్లీ మళ్లీ వచ్చే పిలుపు, ప్రతిసారీ ఒక కొత్త అడుగు. సాహస కథలో కూడా అలాంటి పిలుపు ఒకటి ఉంటే సగం పని అయినట్టే.

మన భాషకి ఉన్న ఇంకో బలం చప్పుళ్లు. పాము సరసర పాకుతుంది, పావురాలు టపటపా రెక్కలు కొడతాయి, కోతి చటుక్కున కొమ్మ అందుకుంటుంది. అనువాద పుస్తకాల్లో ఇవే ముందు ఎగిరిపోతాయి. "పాము నిశ్శబ్దంగా ముందుకు కదిలింది" అని ఉంటుంది. నేను మార్చేసి చదువుతాను. మీరూ మార్చుకోండి, మీ ఇంటి యాసలోకి కూడా. శ్రీకాకుళం అమ్మమ్మ చదివితే తాబేలు శ్రీకాకుళంలా మాట్లాడాలి, కరీంనగర్ తాత చదివితే కరీంనగర్‌లా మాట్లాడాలి. అచ్చులో ఉన్నది ఉన్నట్టు అప్పజెప్పడానికి ఇదేమైనా పద్యమా?

అయితే మాటలు మార్చుకోవచ్చు గానీ జంతువు ఒంటిని మార్చకూడదు. ఇది కొంచెం చాదస్తంగా అనిపించొచ్చు. 1903లో అమెరికాలో ఈ విషయం మీదే పెద్ద రగడ జరిగింది. జాన్ బరోస్ అనే ప్రకృతి రచయిత, జంతువుల గురించి కట్టుకథలు రాసి నిజాలని అమ్ముతున్నారంటూ అప్పటి పేరున్న రచయితల మీద విరుచుకుపడ్డాడు. వాళ్లలో విలియం లాంగ్ అనే ఆయన, ఒక పక్షి విరిగిన తన కాలికి మట్టీ గడ్డీ కలిపి తానే కట్టు కట్టుకుందని రాశాడు. చూసిన సంగతేనని వాదించాడు కూడా! 1907లో ఏకంగా దేశాధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ కల్పించుకుని బరోస్ పక్షాన మాట్లాడాడు. నేనూ బరోస్ పక్షమే, కాకపోతే చిన్న మెలికతో. కాకి ఎలుకతో మాట్లాడిందంటే అది కథ అని నాలుగేళ్ల పిల్లకీ తెలుసు. పక్షి కాలికి కట్టు కట్టుకుందంటే నమ్మేస్తుంది, ఎందుకంటే పక్షి ఏం చేయగలదో ఇంకా దానికి తెలియదు. 2014లో టొరంటో బృందమే చేసిన ఇంకో అధ్యయనంలో, కొత్త జంతువుల గురించి మనుషుల ధోరణిలో రాసిన పుస్తకాలు విన్న చిన్నపిల్లలు ఆ జంతువుల నిజ లక్షణాలు తక్కువ నేర్చుకున్నారు, మనుషుల గుణాలే వాటికి ఎక్కువ అంటగట్టారు. బొమ్మలూ ఇంతే. పెంగ్విన్, ధ్రువపు ఎలుగుబంటి ఒకే మంచుగడ్డ మీద ఆడుకుంటున్న పుస్తకాన్ని నేను తిరిగి అరలో పెట్టేస్తాను. ఒకటి ఉండేది భూమికి ఆ కొసన, రెండోది ఈ కొసన.

పిల్లలు కొంచెం ఎదిగాక, ఏడెనిమిదేళ్లకి, రోజుకో అధ్యాయం చొప్పున చదివే పెద్ద కథ కావాలి. నాకు ఇష్టమైనది ధనగోపాల్ ముఖర్జీ ఇంగ్లీషులో రాసిన చిత్రగ్రీవ అనే పావురం కథ. కలకత్తా దగ్గర పుట్టి అమెరికా వెళ్లి స్థిరపడిన ఈయనకి ఈ పుస్తకానికే 1928లో అమెరికా బాలసాహిత్యంలో పెద్ద గౌరవమైన న్యూబెరీ పతకం వచ్చింది. కలకత్తా డాబా మీద పెరిగిన పావురం హిమాలయాలకి వెళుతుంది, డేగల బారిన పడుతుంది, మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సులో వార్తలు మోస్తుంది. అది గెలిచేదంతా రెక్కల వల్లే, దారి వెతుక్కునే నేర్పు వల్లే. మిత్రలాభంలో వలతో సహా ఎగిరిపోయిన పావురాల రాజు పేరూ చిత్రగ్రీవుడే కాబట్టి, చిన్నప్పుడు అది విన్న పిల్లలు దీన్ని పాత చుట్టంలా పలకరిస్తారు. నేను పుస్తకం చేతిలో పెట్టుకుని అప్పటికప్పుడు తెలుగులో చెప్పేస్తాను. యుద్ధం ఘట్టాలు మా అమ్మాయి ఇంకా పెద్దయ్యాక తానే చదువుకుంటుంది.

నాకున్న అసలు దిగులు మన చుట్టూ ఉన్న సాహసాల గురించి. శ్రీకాకుళం, విశాఖ తీరాల్లో ఏటా చలికాలం చివర ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రివేళ ఒడ్డుకొచ్చి, ఇసుకలో గుంట తవ్వి, వంద దాకా గుడ్లు పెట్టి వెళ్లిపోతాయి. ఏడెనిమిది వారాలకి అరచేతిలో పట్టేంత పిల్లలు ఇసుక చీల్చుకుని బయటికొస్తాయి. తల్లి లేదు, దారి చూపేవాళ్లు లేరు. వెలుతురుగా కనిపించే వైపు సముద్రం అనుకుని పరుగు తీయడమే వాటికి తెలుసు. దారిలో కుక్కలు, పీతలు, తెల్లవారితే కాకులు. రోడ్డు మీద లైట్లుంటే సముద్రం అనుకుని అటు పోతాయి. ఒక్క మాట మాట్లాడని ఈ కథను నేను నోటితోనే చెబుతాను. నీళ్లు అందాక మా ఇద్దరూ చప్పట్లు కొడతారు.

కడప జిల్లా లంకమల అడవుల కలివికోడి సంగతి ఇంకా విచిత్రం. 1848లో తెల్లదొర ఒకడు లోకానికి చెప్పిన ఈ పక్షి, 1900 తర్వాత ఎవరికీ కనిపించకపోయేసరికి అంతరించిపోయిందనుకున్నారు. 1986 జనవరిలో మళ్లీ దొరికింది, అదీ ఆ ప్రాంతపు మనుషులు రాత్రిపూట పట్టుకోవడం వల్ల. పగలంతా పొదల్లో నక్కి, రాత్రిళ్లు తిరిగే పిట్ట అది. ఎనభై ఏళ్లకి పైగా మన కళ్లు కప్పింది! ఇంతకంటే పెద్ద దాగుడుమూతలాట ఏ పిల్లల పుస్తకంలో ఉంది? మా అమ్మాయి అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే, "నిజంగా జరిగిందా నాన్నా?" దీనికి అవునని చెప్పొచ్చు. కాకి, ఎలుకల కథకైతే, "జరగలేదు, కానీ ఎలుక తాడు కొరకడం మాత్రం నిజం" అంటాను. అది ఆ జవాబుతో సరిపెట్టుకుంటోంది.

ఎక్కడ దొరుకుతాయని అడిగేవాళ్ల కోసం ఒక మాట. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్‌లో తెలుగు కథలు ఉచితంగా ఉన్నాయి, ఒకటి నుంచి నాలుగు దాకా స్థాయిలు వేసి ఉంటాయి. ఆ అంకె పిల్ల తనంతట తాను చదవగలిగే స్థాయి, వినగలిగే స్థాయి కాదు. ఒకటో స్థాయి కూడబలుక్కుంటున్న పిల్ల మూడో స్థాయి కథను చక్కగా వింటుంది, మీరు చదివితే. కాబట్టి వినిపించడానికి ఎప్పుడూ రెండు మెట్లు పైన వెతకండి. కొట్లో అయినా, ఫోన్‌లో అయినా, మొదటి పేజీ అక్కడే నిలబడి పైకి చదివి చూడండి, పక్కవాళ్లు చూస్తే చూడనీ. మూడో పేజీలోపు ఎవరికో ఒకరికి గండం రాకపోతే ఇంకో పుస్తకం తీయండి.